ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ: శ్రీహరికోట చరిత్రలో సాఫ్ట్‌వేర్ పొరపాట్లు, దిద్దుబాట్లు

1. పరిచయం

సాఫ్ట్‌వేర్ అన్న మాట చూడగానే ఈ పాఠం చరిత్ర పుస్తకంలోకి దారి తప్పి వచ్చిందేమో అని మీలో కొందరికి అనిపించవచ్చు. అలా అనిపించడం సహజమే. రాజ్యాలు, యుద్ధాలు, ఉద్యమాలు, కౌలు చట్టాలు చదివిన తరువాత కంప్యూటర్ ప్రోగ్రాములలోని తప్పుల గురించి ఎందుకు చదవాలి? కారణం ఒక్కటే. గత అరవై ఏళ్ళలో సంస్థలు తమ పనిని ఎక్కువగా ప్రోగ్రాముల రూపంలోనే రాసి పెట్టుకున్నాయి. రేషను, రిజిస్ట్రేషను, పరీక్షా ఫలితాలు, రాకెట్లు అన్నీ అందులోకి చేరాయి. కాబట్టి ఒక సంస్థ ఎలా ఆలోచించింది, ఏది జరగదని అనుకుంది అన్నది తెలుసుకోవాలంటే దాని ప్రోగ్రాములు ఎక్కడ తప్పాయో చూడాలి. శాసనాలను చదివినట్టే వీటినీ చదవాలి.

ఇందుకు మనం ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట చేరి, పులికాట్ సరస్సు మీద వేసిన రోడ్డు దాటితే శ్రీహరికోట వస్తుంది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రోహిణి రాకెట్ లేచినప్పుడు అది నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఈ పాఠంలో ప్రధానంగా అక్కడ జరిగిన రెండు ప్రయోగాలను పరిశీలిస్తాం. చదవడానికి ప్రోగ్రామింగ్ తెలిసి ఉండనవసరం లేదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

2. నేపథ్యం

సాఫ్ట్‌వేర్ తప్పులు వ్యక్తుల అజాగ్రత్త వల్ల మాత్రమే కాక, పని జరిగే తీరు వల్ల పుడతాయన్న గ్రహింపు 1968 నాటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఏడాది అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో నాటో ఆధ్వర్యంలో ఒక సదస్సు జరిగింది. అనుకున్న గడువుకు పూర్తికాని, పూర్తయినా సరిగా పనిచేయని పెద్ద ప్రోగ్రాముల పరిస్థితిని అక్కడ చర్చించారు. ‘సాఫ్ట్‌వేర్ సంక్షోభం’, ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్’ అన్న మాటలు ఆ సదస్సుతోనే బాగా వ్యాప్తిలోకి వచ్చాయి.

ఐబీఎం సంస్థలో సిస్టం/360 ఆపరేటింగ్ సిస్టం పనికి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో తన అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తగా మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని అందులో చెప్పాడు. మన పెళ్ళి వంటశాల చూసినవారికి ఇది వింత కాదు. బంతి వేసే వేళకు పది మంది కొత్త వంటవాళ్ళను పంపితే, పప్పు ఎక్కడుంది, గరిటె ఎక్కడుంది అని వాళ్ళకు చెప్పడంతోనే పెద్ద వంటాయనకు పొద్దు పోతుంది.

1995లో ఆండ్రూ కోనిగ్ ఇలాంటి తప్పులకు ‘యాంటీప్యాటర్న్’ అన్న పేరు పెట్టాడు. చూడడానికి పరిష్కారంలాగే కనిపించి, చివరికి నష్టం తెచ్చే అలవాటు అని దాని భావం. ఇది అలవాటు కనుక ఒక చోట దిద్దినా మరో చోట మొలుస్తుంది. 1998లో ఇదే పేరుతో ఒక గ్రంథం రావడంతో ఈ మాట స్థిరపడింది. పేరు కొత్తదే కాని వస్తువు పాతది. మన ఉదాహరణ ఆ పేరు పుట్టడానికి రెండేళ్ళ ముందటిది.

3. 1993 సెప్టెంబరు 20

ఆ రోజు ఉదయం శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం జరిగింది. దానికి ముందు ఇస్రో చేసినవన్నీ చిన్న వాహనాలు. ఎస్ఎల్‌వీ-3 మోయగలిగింది సుమారు 40 కిలోలు. ఏఎస్ఎల్‌వీ మోయవలసింది 150 కిలోల స్థాయి. ఆ ఏఎస్ఎల్‌వీ కూడా 1987లో, 1988లో వరుసగా విఫలమై, 1992 మే నెలలో గాని కుదుటపడలేదు. పీఎస్ఎల్‌వీ మాత్రం సుమారు 44 మీటర్ల ఎత్తున్న నాలుగు దశల వాహనం. మొదటి, మూడో దశలు ఘన ఇంధనంతో, రెండో, నాలుగో దశలు ద్రవ ఇంధనంతో పనిచేస్తాయి. అది మోసుకెళ్ళింది 846 కిలోల ఐఆర్ఎస్-1ఇ అనే దూరగ్రాహక ఉపగ్రహాన్ని. పంటలు, అడవులు, నీటివనరులు పై నుంచి చూసే ఉపగ్రహాలను అంతకు ముందు రష్యన్ రాకెట్ల మీద పంపవలసి వచ్చేది. ఆ ఆధారపడడం తగ్గించుకోవడం ఈ ప్రయోగం ఉద్దేశం. అప్పటి ఇస్రో అధ్యక్షుడు యు.ఆర్. రావు.

మొదటి దశ బాగా మండింది. రెండో దశా మండింది. రెండో దశ విడిపోయి మూడో దశ అందుకునే సమయంలో వాహనం కుదుపుకు గురై వంకర తిరిగింది. ఖాళీ అయిన దశను వెనక్కి లాగవలసిన రెట్రో రాకెట్లు అనుకున్నట్టుగా పనిచేయలేదు. ఇంతవరకు ఇది యంత్రానికి వచ్చిన ఇబ్బంది. ఇటువంటి కుదుపు వస్తే సరిదిద్దడానికే వాహనంలో కంప్యూటరు ఉంది. ముక్కు పైకో కిందికో వంగితే, అంటే ‘పిచ్’ దిశలో తప్పితే, ఎంత వంగిందో లెక్కించి దానికి సరిపడా ఎదురు తోపు ఇమ్మని ఆదేశించాలి.

ఆ లెక్కలోనే లోపం ఉంది. ఆదేశం విలువ తనకు అనుమతించిన గరిష్ఠ పరిమితిని దాటినప్పుడు ఏం చేయాలో ఆ ప్రోగ్రాము సరిగా చూసుకోలేకపోయింది. మామూలు కుదుపులకు ఆ విలువ పరిమితి దగ్గరికి కూడా రాదు. అందువల్ల ఆ లోపం అంతదాకా కనిపించలేదు. పెద్ద కుదుపు వచ్చిన నాడే బయటపడింది. వాహనం అదుపు తప్పింది, ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు, రెండూ సముద్రం పాలయ్యాయి.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఈ వైఫల్యాన్ని కొందరు యంత్ర లోపం అంటారు, కొందరు సాఫ్ట్‌వేర్ లోపం అంటారు. రెండూ అర్ధసత్యాలే. కుదుపు రాకపోతే ప్రోగ్రాములోని లోపం బయటపడేది కాదు. ప్రోగ్రాము సరిగా ఉంటే కుదుపును తట్టుకునే అవకాశం ఉండేది. ‘దీనికి కారణం ఏమిటి’ అని ఏకవచనంలో అడిగే అలవాటును చరిత్ర విద్యార్థులుగా మీరు మానుకోవాలి.

4. మొరవ లేని చెరువు

పరిమితి దాటడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చూద్దాం. కంప్యూటరు ప్రతి సంఖ్యకూ కొంత స్థలమే కేటాయిస్తుంది. ఉదాహరణకు 16 బిట్ల స్థలంలో రుణ, ధన సంఖ్యలు రెండూ దాచాలంటే -32768 నుంచి 32767 వరకే పడతాయి. 32767కు ఒకటి కలిపి, ఏ కట్టుబాటూ పెట్టకపోతే, వచ్చేది 32768 కాదు, -32768. గుర్తు తలకిందులవుతుంది. కుడికి తిప్పమని చెప్పవలసింది ఎడమకు తిప్పమని చెప్పినట్టు. ఇది పాఠం కోసం ఇచ్చిన ఉదాహరణ మాత్రమే. 1993 నాటి వాహనంలోని సంఖ్యలు ఇవే అని అనుకోకండి.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో పెరిగినవారికి ఈ విషయం వేరే రూపంలో బాగా తెలుసు. ప్రతి చెరువుకూ ఒక మొరవ ఉంటుంది. కొన్ని ఊళ్ళలో కలుజు అంటారు, ఇతర ప్రాంతాల్లో అలుగు అంటారు. చెరువు నిండిన తరువాత అదనపు నీరు కట్ట మీదుగా పోకుండా, రాతితో కట్టిన ఆ దారి గుండా పోతుంది. వర్షాభావ ప్రాంతంలో పదేళ్ళకోసారి కూడా మొరవ పారని చెరువులు ఉన్నాయి. అయినా పూర్వులు అది లేకుండా చెరువు తవ్వలేదు. కృష్ణదేవరాయల పేరుతో ముడిపడిన రాయలచెరువు తిరుపతికి దగ్గరలోనే ఉంది. 2021 నవంబరు వానలకు అది పొంగి, కట్ట నుంచి నీరు ఊరడం మొదలైతే దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించారు. ఏళ్ళ తరబడి నీరే నిలవని చెరువు గురించి ‘దీనికి మొరవ ఎందుకు, దండగ’ అనుకునేవాడికి ఆ నవంబరు రాత్రులు సమాధానం చెప్పాయి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. 1990ల తొలి సంవత్సరాల్లో నేను ఒక విద్యాసంస్థలో ఫలితాల కమిటీలో సభ్యుడిగా ఉన్నాను. మార్కులను కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాముతో లెక్కించి, పెద్ద పెద్ద కాగితాల మీద అచ్చు వేసేవారు. కమిటీ సభ్యులు వాటి మీద సంతకాలు పెట్టేవారు. మార్కుల గడికి రెండంకెల చోటే ఇచ్చారు. మా చరిత్ర పేపర్లో నూటికి నూరు ఎవరికి వస్తాయి గనుక? కాని అదే ప్రోగ్రామును గణిత, సాంఖ్యక శాస్త్రాల విభాగాలకూ వాడారు. సాంఖ్యక శాస్త్రంలో ఒక అమ్మాయికి నూరు మార్కులు వచ్చాయి. ఒకటి బయట పడిపోయి, గడిలో 00 మిగిలింది. ఫలితం: ఫెయిల్. తండ్రితో కలిసి మదనపల్లె వైపు నుంచి బస్సులో వచ్చి, జవాబు పత్రం తీయించి చూపించే వరకు ఎవరికీ అనుమానం రాలేదు. ఆ కాగితం మీద ఉన్న సంతకాలలో నాదీ ఒకటి.

అప్పుడు మేం చేసింది ఏమిటి? ఎర్ర సిరాతో 00 కొట్టేసి 100 అని రాశాం, మళ్ళీ సంతకాలు పెట్టాం, ఆ అమ్మాయికి కొత్త మార్కుల పత్రం ఇచ్చాం. దిద్దుబాటు అయిపోయిందనుకున్నాం. మరుసటి ఏడాది వేరే కోర్సులో ఇంకో విద్యార్థికి అదే జరిగింది. అప్పుడు గాని గడి వెడల్పు మార్చలేదు. మొదటి ఏడాది మేం దిద్దింది ఒక కాగితాన్ని. ప్రోగ్రామును తాకనే లేదు, అది ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నారో అడగనూ లేదు. ఈ వృత్తిలో నేను ఎన్నో పొరపాట్లు చేశాను గాని, ఆ రెండో విద్యార్థి విషయం మాత్రం ఇప్పటికీ బాధిస్తుంది. మొదటిది తెలియక జరిగింది, రెండోది తెలిసి జరిగింది.

మీ అవగాహన సరిచూసుకోండి: పై ఉదంతంలో తప్పును ‘కనిపెట్టడం’, ‘సవరించడం’, ‘మళ్ళీ రాకుండా చేయడం’ అనే మూడు పనులు ఏ ఏ సందర్భాల్లో జరిగాయి? ఎవరు చేశారు? ఐదారు వాక్యాల్లో రాయండి.

5. కూరూ, 1996

పీఎస్ఎల్‌వీ విఫలమైన మూడేళ్ళలోపే యూరప్ దేశాల కొత్త రాకెట్ ఏరియాన్-5 తొలి ప్రయోగం జరిగింది. దక్షిణ అమెరికా తీరంలోని ఫ్రెంచ్ గయానాలో కూరూ అనే చోట, 1996 జూన్ 4న. ప్రధాన ఇంజను వెలిగిన సుమారు 37 సెకన్లకు దిశను చెప్పే పరికరంలోని కంప్యూటరు ఆగిపోయింది. వాహనం ఒక్కసారిగా పక్కకు తిరిగి, గాలి ఒత్తిడికి విరిగి, పేలిపోయింది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు నాశనమయ్యాయి.

జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ఆరు వారాలలో నివేదిక ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ చరిత్రలో అంత చిన్నదైన, అంత నిజాయితీ ఉన్న పత్రాలు తక్కువ. దాని ప్రకారం 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల స్థలంలోకి మార్చబోతే అది పట్టలేదు. ఆ భాగం ఏరియాన్-4 నుంచి యథాతథంగా తెచ్చుకున్నది. ఏరియాన్-4లో ఆ విలువ ఎన్నడూ అంత పెరగలేదు. ఏరియాన్-5 అంతకంటే వేగంగా అడ్డంగా కదిలే వాహనం. పైగా ఆ లెక్క ఏరియాన్-5 నేల విడిచిన తరువాత దేనికీ అక్కరకు రాదు. పాత వాహనం అవసరం కోసం పెట్టిన దాన్ని అలాగే నడవనిచ్చారు. ఒకటి చెడితే ఆదుకోవడానికి ఇంకో కంప్యూటరు ఉంది గాని అందులోనూ అదే ప్రోగ్రాము. కనుక అదీ అదే కారణంతో ఆగిపోయింది.

నివేదికలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది మరొక వివరం. ఇలా పొంగిపోయే ప్రమాదం ఉన్న విలువలు ఏడు ఉన్నాయని తయారీదారులు ముందే గుర్తించారు. నాలుగింటికి రక్షణ కల్పించారు. మూడింటిని, వాటికి భౌతికంగానే హద్దు ఉంది, లేదా చాలినంత వెసులుబాటు ఉంది అనే తర్కంతో వదిలేశారు. కంప్యూటరు మీద భారం ఎక్కువ కాకూడదన్నది వారి ఉద్దేశం. అంటే ఇది మరచిపోవడం కాదు. ఆలోచించి, చర్చించి తీసుకున్న నిర్ణయం. ఏరియాన్-4కు సరైన నిర్ణయం కూడా. దాన్ని కొత్త వాహనం లెక్కల వెలుగులో మళ్ళీ పరిశీలించకపోవడమే తప్పు. మా మార్కుల గడి కథ కూడా ఇంతే: చరిత్ర పేపరుకు సరిపోయిన కొలత సాంఖ్యక శాస్త్రానికి వెళ్ళింది.

6. ఒప్పుకోవడం అనే పని

పాత వైఫల్యాన్ని ఒకదాన్ని ఇక్కడ గుర్తు చేయాలి. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమైంది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోవడం కారణం. ప్రయోగానికి ముందు కంప్యూటరు ‘ఆగు’ అని చూపిందని, నిపుణులు చాలినంత నిల్వ ఉందని చెప్పగా తాను దాన్ని పక్కనబెట్టి ముందుకు వెళ్ళమన్నానని ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ తరువాతి కాలంలో అనేక సభల్లో చెప్పారు. ఆ రోజు పత్రికల వారి ముందు కూర్చుని వైఫల్యాన్ని తన మీద వేసుకున్నది అధ్యక్షుడు సతీశ్ ధావన్. 1980 జూలై 18న ప్రయోగం సఫలమైనప్పుడు మాత్రం విలేకరులతో కలామ్‌నే మాట్లాడమన్నారు. శ్రీహరికోట కేంద్రానికి ఇప్పుడున్నది ధావన్ పేరే.

ఈ కథను సాధారణంగా నాయకత్వ లక్షణాలకు ఉదాహరణగా చెబుతారు. నేను దాన్ని మరో రకంగా చదువుతాను. కింది వాడి ఉద్యోగం పోదని తెలిసిన చోటే ‘నేనే ఆ హెచ్చరికను పక్కనబెట్టాను’ అనే వాక్యం బయటికి వస్తుంది. ఆ వాక్యం రాకపోతే విచారణ సంఘానికి దొరికేది కారిన ఆమ్లం మాత్రమే. నిర్ణయం ఎలా జరిగిందో దొరకదు. దొరకనిదాన్ని దిద్దలేం. మా ఫలితాల కమిటీలో మొదటి ఏడాది అందరం గడిని వదిలి కాగితాన్ని దిద్దడానికి ఒక కారణం, ఆ రెండంకెల గడి ఎవరు నిర్ణయించారని అడిగితే ఒక పెద్దాయన నొచ్చుకుంటారని.

1993 వైఫల్యం తరువాత ఇస్రో కారణాలను విశ్లేషించి, ప్రోగ్రామును, దశలు విడిపోయే ఏర్పాట్లను సరిచేసింది. సుమారు పదమూడు నెలలకు, 1994 అక్టోబరు 15న, పీఎస్ఎల్‌వీ రెండో ప్రయోగం ఐఆర్ఎస్-పీ2ను కక్ష్యలో ప్రవేశపెట్టింది. అదే వాహనం 2008లో చంద్రయాన్-1ను, 2013లో మంగళయాన్‌ను మోసుకెళ్ళింది.

7. విక్రమ్: 2019, 2023

అంత జరిగిన తరువాత కూడా ఆ జాతి తప్పు మళ్ళీ వచ్చింది. చంద్రయాన్-2 శ్రీహరికోట నుంచి 2019 జూలై 22న బయలుదేరింది. సెప్టెంబరు 7 తెల్లవారకముందే విక్రమ్ ల్యాండరు చంద్రుడి మీద దిగుతూ కూలిపోయింది. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నవారిలో మీరూ ఉండి ఉంటారు. అదే ఏడాది నవంబరులో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో వివరాలు ఉన్నాయి. 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి 7.4 కిలోమీటర్ల వరకు అంతా సవ్యంగా సాగింది. వేగం సెకనుకు 1683 మీటర్ల నుంచి 146 మీటర్లకు తగ్గింది. తరువాతి దశలో వేగం తగ్గవలసినదానికంటే ఎక్కువగా తగ్గింది. దాంతో ఆ పై దశ మొదలయ్యేసరికి పరిస్థితి రూపకల్పనలో అనుకున్న హద్దులు దాటిపోయింది.

2023 జూలైలో అప్పటి ఇస్రో అధ్యక్షుడు ఎస్. సోమనాథ్ దీన్నే విడమరచి చెప్పారు. ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోపు ఇచ్చాయి. ఆ తేడాలు కొంతసేపు పోగుపడ్డాయి. వాటిని ఒక్కసారిగా దిద్దుకోవడానికి ల్యాండరు చాలా వేగంగా తిరగాలి. అంత వేగంగా తిరగవలసి వస్తుందని ఊహించలేదు కనుక ప్రోగ్రాము దాన్ని అడ్డుకుంది. దిగవలసిన చోటు 500 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చిన్న చదరం కావడంతో అక్కడికే చేరాలని ల్యాండరు వేగం పెంచుకుంది.

1993లో, 2019లో జరిగినవి ఒకే తప్పు అని నేను చెప్పడం లేదు. మొదటిది ప్రోగ్రాము రాతలో లోపం. రెండోది చాలావరకు ముందుగా పెట్టుకున్న హద్దులలో లోపం. రెండింటికీ ఉన్న చుట్టరికం ‘పరిస్థితి అంతదాకా రాదు’ అన్న ఊహలో ఉంది. పొరపాటు జాతిని గుర్తుపట్టడం అంటే ఇలా ఊహను గుర్తుపట్టడం. లోపం ఉన్న పంక్తి కోసం వెతికితే ఈ చుట్టరికం కనిపించదు.

చంద్రయాన్-3లో చేసిన మార్పులు చూడండి. దిగే చోటును సుమారు 4 కిలోమీటర్ల పొడవు, 2.5 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. ఇంధనం పెంచారు. కాళ్ళను గట్టిపరిచారు. ల్యాండరు ఏ పక్కకు తిరిగి ఉన్నా కరెంటు పుట్టేలా మరిన్ని పక్కల సౌరఫలకాలు అమర్చారు. వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరం చేర్చారు. ఏవేవి సఫలం కావాలి అని మొదలుపెట్టకుండా, ఏవేవి విఫలం కావచ్చు, అయినా ఎలా దిగాలి అని మొదలుపెట్టామని సోమనాథ్ అన్నారు. మొరవ ముందు కట్టి, కట్ట తరువాత పోసినట్టు. 2023 జూలై 14న బయలుదేరిన ఆ ల్యాండరు ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది.

ఇవన్నీ డబ్బు, బరువు, కాలం ఖర్చయ్యే మార్పులు. ఆ సాయంత్రం వాటిలో ఏవేవి నిజంగా అక్కరకు వచ్చాయో, ఏవి వాడకుండానే మిగిలాయో విడదీసి చెప్పడం కష్టం. వచ్చే ప్రాజెక్టులో ఖర్చు తగ్గించమని అడిగే అధికారి మొదట చూసేది ఆ ‘వాడని’ భాగాలనే. అలవాటు తిరిగి మొలిచే చోటు అదే అని నా అభిప్రాయం. దీనితో ఏకీభవించనివారు ఉన్నారు. ప్రతి హద్దుకూ కాపలా పెడితే ప్రోగ్రాము పెరిగి, కాపలాలోనే కొత్త తప్పులు వస్తాయని వారి వాదన. ఏరియాన్ తయారీదారులు కూడా భారాన్ని చూసే మూడింటిని వదిలారు కదా. సంప్రదింపు తరగతిలో ఈ వాదాన్ని చర్చకు పెట్టండి.

8. అసైన్‌మెంట్

మీరు పనిచేసే చోట, లేదా మీకు తెలిసిన సచివాలయం, సహకార సంఘం, పాల కేంద్రం, పాఠశాల వంటి ఏదో ఒక చోట, కంప్యూటరు లెక్కలో ఒకటికి రెండుసార్లు వచ్చిన పొరపాటును ఎంచుకోండి. మనుషుల పేర్లు రాయవద్దు. మొదటిసారి ఏం దిద్దారు, రెండోసారి ఏం దిద్దారు, ‘ఇలా జరగదు’ అని ఎక్కడ అనుకున్నారు, అదే ఊహ ఇంకెక్కడ దాగి ఉండవచ్చు అనేవి వివరించండి. చూసినవారితో మాట్లాడి, వారు చెప్పినదాన్నీ, కాగితాల్లో ఉన్నదాన్నీ వేర్వేరుగా చూపండి. ఆ పొరపాటులో మీ భాగం ఉంటే అది కూడా రాయవచ్చు, దానికి మార్కులు తగ్గవు. మూడు పుటలకు మించనక్కరలేదు.